హైటెక్ సిటీకి ఒంటరిగా వస్తున్నారా?

ఒకప్పుడు మన ఇళ్ళలో ఆడపిల్ల పొరుగూరు వెళ్ళాలన్నా వెంట తమ్ముణ్ణి పంపేవారు. ఆ తమ్ముడికి పదేళ్ళే ఉండవచ్చు. దారిలో వాడు నిద్రపోతే అక్కే భుజాన వేసుకుని బస్సు దిగవలసి రావచ్చు. అయినా "తోడు" ఉన్నట్టే లెక్క! కాలం మారింది. ఈనాడు మన అమ్మాయిలు డాలస్‌లో, లండన్‌లో, సింగపూర్‌లో ఉద్యోగాలు చేస్తున్నారు. కంపెనీ పని మీద నాలుగు రోజులకని హైదరాబాదు హైటెక్ సిటీకి ఒంటరిగా వస్తున్నారు. వాళ్ళలో కొందరు ఏ కాకినాడలోనో, కరీంనగర్‌లోనో పుట్టి, చదువు కాగానే విమానం ఎక్కినవారు. కొందరు అక్కడే పుట్టి పెరిగినవారు. తెలుగు వచ్చినా ఈ ఊరు వాళ్ళకు కొత్తే. అలా వచ్చే సోదరీమణుల కోసం, ఇక్కడ దిగులుగా ఎదురుచూసే తల్లుల కోసం ఈ వారం నాలుగు మాటలు.

"ఇది పోలీసులు చెప్పవలసిన సంగతి కదా, డాక్టరుకేం పని?" అని మీరు అడగవచ్చు. పని ఉంది. పాతికేళ్ళకు పైగా ప్రభుత్వాసుపత్రుల్లో పనిచేస్తున్న డాక్టరుగా చెబుతున్నాను. నిద్ర లేక, దాహంతో, ఖాళీ కడుపుతో ఉన్న మనిషికి ఆలోచన మందగిస్తుంది. "ఏదో ఒక బండి, త్వరగా గది చేరితే చాలు" అనిపిస్తుంది. మామూలప్పుడు అడిగే ప్రశ్నలు అప్పుడు నోటికి రావు. కనుక అలసిపోయాక తీసుకోవలసిన నిర్ణయాలను ముందే, ఇంట్లో తీరిగ్గా కూర్చుని తీసుకోవాలి. నేను చెప్పదలచింది ఇదే. తక్కినదంతా దాని వివరం.

ఈ ఊరు ఎలాంటిది?

1998 నవంబరు 22న అప్పటి ప్రధాని వాజ్‌పేయి మాదాపూర్‌లో సైబర్ టవర్స్ భవనాన్ని ప్రారంభించారు. అంతకుముందు అక్కడ చాలావరకు బండరాళ్ళు, పొదలే. ఆ గుండ్రటి భవనం చుట్టూ మొదలైన ఊరు కొండాపూర్, గచ్చిబౌలి, రాయదుర్గం, నానక్‌రామ్‌గూడ దాకా పాకిపోయింది. 2003లో ఈ ప్రాంతానికి సైబరాబాద్ పేరిట వేరే పోలీసు కమిషనరేట్ కూడా ఏర్పడింది.

కొత్తగా వచ్చినవారు రెండు సంగతులు తెలుసుకోవాలి. మొదటిది, ఇది గంటగంటకీ మారే ఊరు. ఉదయం, సాయంత్రం ఆఫీసు వేళల్లో కాలు పెట్టే చోటుండదు. అదే వీధి రాత్రి పొద్దుపోయాక, ఆదివారం ఉదయం నిర్మానుష్యంగా కనిపించవచ్చు. ముఖ్యంగా నానక్‌రామ్‌గూడ వైపు అద్దాల మేడల మధ్య దూరాలు ఎక్కువ, చిల్లర దుకాణాలు తక్కువ. దారి అడుగుదామంటే మనిషి దొరకడు. రెండవది, మెట్రో రైలు అన్ని చోట్లకూ పోదు. నాగోలు నుంచి అమీర్‌పేట మీదుగా వచ్చే లైను 2019 మార్చిలో హైటెక్ సిటీకి, అదే ఏడాది నవంబరులో రాయదుర్గానికి చేరింది. అక్కడితో సరి. గచ్చిబౌలికి గాని, ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌కు గాని వెళ్ళాలంటే దిగి మరో బండి వెతుక్కోవాలి.

ఆ చివరి నాలుగైదు కిలోమీటర్ల గురించే అందరూ ఏర్పాటు మరచిపోతారు. విమానం టిక్కెట్టు రెండు నెలల ముందే కొంటారు. హోటలు నెల ముందే చూసుకుంటారు. రైలు దిగి గది తలుపు దాకా ఎలా వెళ్ళాలో మాత్రం రోడ్డు మీద నిలబడి ఆలోచిస్తారు.

2013 అక్టోబరు 18 సాయంత్రం మాదాపూర్‌లో ఒక షాపింగ్ మాల్ దగ్గర ఒక యువ సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని హాస్టలుకు వెళ్ళాలని ఒక కారు ఎక్కింది. అందులోని ఇద్దరు ఆమెను అపహరించి అత్యాచారం చేశారు. ఆమె ధైర్యంగా ఫిర్యాదు చేసింది. పత్రికలు ఆమెను "అభయ" అన్నాయి. 2014 మే నెలలో న్యాయస్థానం ఆ ఇద్దరికీ 20 ఏళ్ళ జైలుశిక్ష విధించింది. అదే ఏడాది అక్టోబరు 24న హైదరాబాదులో షీ టీమ్స్ మొదలయ్యాయి. ఈ సంగతి మిమ్మల్ని భయపెట్టడానికి చెప్పడం లేదు. పని ముగించుకుని గూటికి చేరాలనుకోవడం ఏ ఆడదాని తప్పూ కాదు. తప్పు చేసినవారు జైలుకు వెళ్ళారు. అయితే ఆ చివరి ప్రయాణానికి కూడా ముందే ఏర్పాటు ఉండాలని ఈ ఊరు అప్పటినుంచీ గుర్తుపెట్టుకుంది. మీరూ గుర్తుపెట్టుకోండి.

బయలుదేరే ముందు

"నేను పుట్టిన దేశమే కదా, నాకేమవుతుంది?" అనే ధీమాతో చాలామంది టీకాలు వేయించుకోరు. చిన్నప్పుడు ఇక్కడి నీళ్ళకు అలవాటుపడ్డ ఒంటికి ఆ శక్తి ఎల్లకాలం ఉండదు. టైఫాయిడ్, హెపటైటిస్-ఎ టీకాల గురించి, ధనుర్వాతం బూస్టరు గురించి కనీసం నెల ముందు మీ డాక్టరును అడగండి. రోజూ వాడే మందులు పది రోజులకు ఎక్కువే తెచ్చుకోండి. చీటీతో సహా చేతి సంచీలో పెట్టుకోండి. పెట్టె పోతే మందులు కూడా పోకూడదు కదా! నెలసరి సామగ్రి కూడా అదే సంచీలో ఉంచండి. ప్రయాణపు అలసటకు తేదీ ముందుకో వెనక్కో జరగడం మామూలే.

4 గంటలు మించి కదలకుండా కూర్చునే ప్రయాణాల్లో కాలి సిరల్లో రక్తం గడ్డకట్టే ప్రమాదం సుమారు రెట్టింపవుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ పరిశోధన 2007లో తెలిపింది. గర్భనిరోధక మాత్రలు వాడేవారు, గర్భిణులు, ఈ మధ్య ఆపరేషన్ అయినవారు మరింత జాగ్రత్త పడాలి. విమానంలో గంటకోసారి లేచి నడవండి. కూర్చున్నచోటే మడమలు ఎత్తి దించండి. దిగాక ఒక కాలు మాత్రమే వాచి నొప్పి చేసినా, ఆయాసం వచ్చినా, ఛాతీలో నొప్పి వచ్చినా "ప్రయాణపు నొప్పులే" అని ఊరుకోకండి. వెంటనే ఆసుపత్రికి వెళ్ళండి.

బస మీ ఆఫీసుకు వీలైనంత దగ్గరగా చూసుకోండి. నాలుగు డబ్బులు ఆదా అవుతాయని పది కిలోమీటర్ల దూరంలో దిగితే ఆ ఆదా రోజూ సాయంత్రం రోడ్డు మీద ఖర్చయిపోతుంది. హోటలు చిరునామా, దగ్గరి గుర్తు తెలుగులో ఒక కాగితం మీద రాయించుకోండి. ఫోను చార్జి అయిపోయినా కాగితం అయిపోదు.

విమానం దిగాక

2008 మార్చి నుంచి విమానాశ్రయం శంషాబాద్‌లో ఉంది. అక్కడి నుంచి గచ్చిబౌలి ఔటర్ రింగ్ రోడ్డు మీదుగా సుమారు 30 కిలోమీటర్లు. విదేశీ విమానాలు చాలా అర్ధరాత్రి దాటాకనో, తెల్లవారుజామునో దిగుతాయి. వీలుంటే పగలు దిగే విమానం ఎంచుకోండి. లేదంటే తొందరపడకండి. లోపలే ముఖం కడుక్కుని, నీళ్ళు తాగి, ఏదైనా తిని, తలనొప్పి తగ్గాక బయటికి రండి. ఆ అరగంటలో కొంపలు మునిగేదేమీ లేదు. ఇక్కడి సిమ్ కార్డు కూడా అప్పుడే తీసుకోండి. టాక్సీ బుక్ చేసుకోవాలన్నా, ఓటీపీ రావాలన్నా ఇక్కడి నంబరు కావాలి.

హోటలు వారే పంపే కారు అన్నిటికన్నా సుఖం. ఆర్టీసీ వారి పుష్పక్ ఏసీ బస్సులు కూడా ఉన్నాయి. టాక్సీ అయితే అధికారిక వరుసలో గాని, యాప్‌లో గాని తీసుకోండి. తలుపు దగ్గరికి వచ్చి "రండి మేడమ్, తక్కువకి తీసుకెళ్తా" అనేవారికి "వద్దన్నా" అని ఒక్క మాట చెప్పి ముందుకు నడవండి. అద్దె కారుకు పసుపు పలక మీద నల్ల అంకెలు ఉంటాయి. విద్యుత్తుతో నడిచే అద్దె కారుకు ఆకుపచ్చ పలక మీద పసుపు అంకెలు ఉంటాయి. తెల్ల పలక అయితే అది సొంత కారు. అంకెలు యాప్‌లో ఉన్నవాటితో సరిచూసుకున్నాకే తలుపు తీయండి. "ఎవరి పేరు మీద బుకింగ్ ఉంది, అన్నా?" అని మీరు అడగండి. మీ పేరు ముందు మీరు చెప్పవద్దు.

వెనక సీట్లో కూర్చున్నా బెల్టు పెట్టుకోండి. తెల్లవారుజామున నిద్ర ముంచుకొచ్చేది మీకు మాత్రమే కాదు, డ్రైవరుకి కూడా! అతను ఆవలిస్తున్నా, బండి గీత దాటి అటూ ఇటూ పోతున్నా, వెలుతురూ జనమూ ఉన్నచోట ఆపించి టీ తాగి రమ్మనండి. మొహమాటపడవద్దు.

2024 మార్చిలో తెలంగాణ పోలీసులు మహిళల కోసం టీ-సేఫ్ అనే ఏర్పాటు ప్రారంభించారు. 112కు గాని, 100కు గాని ఫోను చేసి 8 నొక్కితే మీ ప్రయాణాన్ని గమనిస్తూ ఉంటారు. స్మార్ట్ ఫోను లేకపోయినా పనిచేస్తుంది. దీనితో పాటు ఇంట్లో ఒకరికి "ఫలానా బండి, ఫలానా గంటకు చేరతాను" అని చెప్పి ఉంచండి. ఆ గంట దాటితే ఏం చేయాలో కూడా వారికి చెప్పండి. అమ్మకు చెబితే కంగారుపడుతుందనుకుంటే స్నేహితురాలికి చెప్పండి. ఎవరో ఒకరికి తెలియాలి, అంతే.

గదిలో

హోటలు వారు పాస్‌పోర్టు చూసి వివరాలు రాసుకోవాలి. అది చట్టం. నకలు తీసుకోనివ్వండి గాని, అసలు పాస్‌పోర్టు వారి దగ్గర వదలకండి. గది నంబరు కౌంటరులో పదిమందికీ వినబడేలా చదివితే మరో గది అడగండి. తలుపు గడియ, బాల్కనీ తలుపు, కిటికీ గడియ సరిగా పడుతున్నాయో సామాను విప్పకముందే చూసుకోండి. మంటలు లేస్తే దిగవలసిన మెట్లు ఎటున్నాయో ఒకసారి నడిచి చూడండి.

న్యూయార్కుకూ మనకూ తొమ్మిదిన్నర నుంచి పదిన్నర గంటల తేడా. అంటే అక్కడి పగలు ఇక్కడ రాత్రి. దిగిన రోజే మీటింగు పెట్టుకోకండి. పగటి వెలుతురులో కాసేపు తిరిగి, రాత్రి ఇక్కడి వేళకే పడుకోండి. మొదటి రెండు రోజులు సాయంత్రం 4, 5 గంటలకే ఒళ్ళు తూలుతుంది. ఆ సమయంలో కొత్త చోట్లకు బయలుదేరవద్దు.

నీళ్ళూ, భోజనమూ

మాదాపూర్ పక్కనే దుర్గం చెరువు ఉంది. కుతుబ్‌షాహీల కాలంలో గోల్కొండ కోటకు ఈ చెరువు నీళ్ళు తాగడానికి వెళ్ళేవి. 2020 సెప్టెంబరులో దాని మీద తీగల వంతెన ప్రారంభమైంది. చూడటానికి బాగుంటుంది గాని, నేడు ఆ నీళ్ళు తాగేవి కావు. మూత తీయని సీసా నీళ్ళో, కాచి చల్లార్చిన నీళ్ళో తాగండి. రోడ్డు పక్క ఐసు ముక్కలు, కోసి పెట్టిన పండ్లు వద్దు. పొగలు కక్కే ఇడ్లీ, వేడి అన్నం ఎక్కడైనా తినవచ్చు.

మన ఆడవారికి ఒక చెడ్డ అలవాటు ఉంది. బయట మరుగుదొడ్డి దొరకదేమోనని నీళ్ళు తాగడం మానేస్తారు. దానివల్ల మూత్రంలో మంట, ఇన్‌ఫెక్షన్, వేసవిలో వడదెబ్బ. మెట్రో స్టేషన్లలో, మాల్స్‌లో మరుగుదొడ్లు ఉన్నాయి. మీరు తిరిగే దారిలో అవి ఎక్కడున్నాయో ముందే చూసి పెట్టుకుని, ధైర్యంగా నీళ్ళు తాగండి. ఏప్రిల్, మే నెలల్లో ఇక్కడ ఎండ 40 డిగ్రీలు దాటుతుంది.

విరేచనాలైతే ఓఆర్ఎస్ పొట్లం 1 లీటరు నీటిలో కలుపుకుని కొంచెం కొంచెంగా తాగండి. ఆ పేరు పెట్టుకుని చక్కెర పానీయాలు అమ్మడం మీద హైదరాబాదు పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ గారు ఏళ్ళ తరబడి పోరాడారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన పాళ్ళలో లేని పానీయాల మీద ఓఆర్ఎస్ అని రాయకూడదని 2025 అక్టోబరులో కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఆదేశించింది. మందుల దుకాణంలో పొట్లం మీది పాళ్ళు చదివి కొనండి.

విందులో మీ గ్లాసు మీ చేతిలోనే ఉండనివ్వండి. తాగిన దానికి మించి మత్తుగా అనిపిస్తే ఒంటరిగా బయటికి పోకండి. హోటలు సిబ్బందిలో ఒక స్త్రీని పిలిచి చెప్పండి, 112కు ఫోను చేయండి.

రోడ్డు దాటేటప్పుడు

మగవాళ్ళ గురించి పడే భయంలో సగమైనా రోడ్డు గురించి పడాలంటాను. అమెరికాలో బండ్లు కుడివైపున నడుస్తాయి. ఇక్కడ ఎడమవైపున. అక్కడి అలవాటు కొద్దీ ముందు ఎడమకు చూసి అడుగేస్తే, కుడినుంచి వచ్చే బండి కింద పడతారు. ముందు కుడికి చూడండి. స్టేషన్ల దగ్గర పై వంతెనలు ఉన్నచోట మెట్లెక్కి దాటండి. 2019 నవంబరు 23న బయోడైవర్సిటీ కూడలిలో అతివేగంగా వచ్చిన కారు ఫ్లైఓవర్ మీది నుంచి పడి, కింద రోడ్డు పక్కన నిలబడిన స్త్రీ ఒకరు మరణించారు. బండి కోసం ఎదురుచూడాలంటే రోడ్డు అంచున కాదు, భవనం లోపల, కాపలాదారు ఉన్నచోట నిలబడండి. బండి వచ్చాకే బయటికి రండి. మెట్రో ఆఖరి రైళ్ళు రాత్రి 11 గంటల ప్రాంతంలో. వానాకాలం సాయంత్రాల్లో ఇక్కడి రోడ్లు గంటల తరబడి స్తంభిస్తాయి. అలాంటప్పుడు ఆఫీసులోనే ఏదైనా తిని, రద్దీ తగ్గాక బయలుదేరడం మేలు.

జ్వరం వస్తే

వానలు మొదలైనప్పటి నుంచి డెంగ్యూ ఉంటుంది. ఆ దోమ పగలే కుడుతుంది. నిండు చేతుల బట్టలు, దోమల లేపనం మంచివి. జ్వరం వస్తే పారాసిటమాల్ తప్ప, రక్తపరీక్ష అయ్యేదాకా ఆస్పిరిన్, ఐబుప్రోఫెన్ వేసుకోవద్దు. డెంగ్యూ అయితే వాటివల్ల రక్తస్రావం ఎక్కువ కావచ్చు. జ్వరం తగ్గినా కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ళ నుంచి రక్తం కనిపిస్తే ఆసుపత్రిలో చేరండి. హోటలు గదిలో ఒంటరిగా పడి ఉండవద్దు. కొండాపూర్‌లో ప్రభుత్వాసుపత్రి ఉంది. చుట్టుపక్కల పెద్ద ప్రైవేటు ఆసుపత్రులూ ఉన్నాయి. ప్రయాణపు బీమా కాగితం దగ్గర ఉంచుకోండి. 108 అంబులెన్సుకు డబ్బు ఇవ్వనక్కరలేదు.

జరగరానిది జరిగితే

ఈ మాట రాయడానికి కలం వెనకాడుతుంది గాని, డాక్టరుగా రాయక తప్పదు. ఎవరైనా మీ మీద అత్యాచారం చేస్తే, ముందు ఆసుపత్రికి వెళ్ళండి. పోలీసు కాగితం ముందుగా తెమ్మని అడిగే హక్కు ఏ ఆసుపత్రికీ లేదు. ప్రభుత్వానిదైనా, ప్రైవేటుదైనా వెంటనే, ఉచితంగా వైద్యం చేయాలి. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 397వ సెక్షన్ ఈ మాటే చెబుతోంది. పోలీసులకు తెలియజేయడం ఆసుపత్రి బాధ్యత.

72 గంటలు అనే అంకె గుర్తుంచుకోండి. హెచ్ఐవీ సోకకుండా ఆపే మందులు ఆ లోపు మొదలుపెట్టాలి. 28 రోజులు వాడాలి. గర్భం రాకుండా మాత్ర కూడా ఆ లోపే, ఎంత త్వరగా వేసుకుంటే అంత మంచిది. వీలైతే స్నానం చేయకుండా, బట్టలు ఉతకకుండా రండి. చేసేసినా ఫరవాలేదు, రావడం మానకండి. పరీక్షకు మీ అనుమతి కావాలి. పరీక్ష వద్దన్నా వైద్యం చేయాలి. మునుపు జరిగే "రెండు వేళ్ళ పరీక్ష"ను ఎవరూ చేయకూడదని 2022 అక్టోబరు 31న సుప్రీంకోర్టు గట్టిగా చెప్పింది.

ఫిర్యాదు ఏ పోలీస్ స్టేషన్‌లోనైనా ఇవ్వవచ్చు. దాన్ని జీరో ఎఫ్ఐఆర్ అంటారు. "ఇది మా పరిధి కాదు" అనడానికి వీల్లేదు. 2019 నవంబరు 27 రాత్రి శంషాబాద్ దగ్గర ఒక పశువైద్యురాలు కనిపించకుండా పోయి, ఆ తరువాత హత్యకు గురైంది. ఆ రాత్రి ఫిర్యాదు నమోదులో జాప్యం చేశారని ముగ్గురు పోలీసులను సస్పెండ్ చేశారు. కనుక మీ వాళ్ళను కూడా ఈ మాట గుర్తుపెట్టుకోమనండి. ఎవరో వెంటపడుతున్నారన్నా, అసభ్యంగా మెసేజీలు పంపుతున్నారన్నా చిన్న విషయమని ఊరుకోకండి. షీ టీమ్స్ ఉన్నది అందుకే.

చివరగా

ఒక చిన్న కాగితం మీద ఈ అంకెలు రాసుకోండి. అత్యవసరానికి 112. అంబులెన్సుకు 108. మహిళల సహాయానికి 181. మనసు బాగాలేక మాట్లాడాలనిపిస్తే టెలి-మానస్ 14416. దాని కిందే హోటలు నంబరు, మీ రక్తం గ్రూపు, పడని మందులు, ఇంట్లో ఒకరి ఫోను నంబరు రాసి పర్సులో పెట్టుకోండి.

ఇన్ని చెప్పానని ప్రయాణం మానుకోకండి! వేలమంది ఆడవాళ్ళు రోజూ ఈ రోడ్ల మీదే ఉద్యోగాలకు వెళ్ళి వస్తున్నారు. పని అయ్యాక ఒక పూట మిగుల్చుకుని సైబర్ టవర్స్ దగ్గరి శిల్పారామంలో చెట్ల నీడన తిరగండి, చేనేత చీర ఒకటి కొనుక్కోండి. మన వాళ్ళు ఇంట్లోంచి కదిలేటప్పుడు "వెళ్తాను" అనరు, "వెళ్ళొస్తాను" అంటారు. గది తాళం వేసి బయలుదేరేటప్పుడు ఆ మాట ఎవరికో ఒకరికి ఫోను చేసి చెప్పండి. ఎక్కడికి వెళుతున్నారో, ఎన్నింటికి వస్తారో కూడా చెప్పండి.